గొలుసు కోడలే తీసింది

మా అత్తగారి గొలుసు పోయింది 2016లో, సంక్రాంతి వెళ్లిన వారానికి. పెద్ద నగేం కాదు, రెండు కాసుల సాదా గొలుసు. స్నానానికి వెళ్తూ తీసి గూట్లో పెట్టానన్నారు, వచ్చేసరికి లేదన్నారు. మంచాల కింద, దిండు గలీబుల్లో, పూజగదిలో, చివరికి బాత్రూం తూములో కూడా వెతికాం. సాయంత్రానికి ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని, ఎదురింటి పిన్నిగారితో గొంతు తగ్గించి చెబుతున్నారు. మా తెనాలిలో గొంతు తగ్గించడమంటే నాలుగిళ్లకు వినబడటమే.

"ఇంట్లో ఉండేది నలుగురం. నేను తియ్యలేదు. నా కొడుకు తియ్యడు. మనవడు పసివాడు. ఇంక నువ్వే చెప్పు."

లెక్క సరిగ్గానే ఉంది. మిగిలింది నేనే.

మూడో రోజున గొలుసు కందిపప్పు డబ్బాలో దొరికింది, జాకెట్టు ముక్కలో చుట్టి, అడుగున. దొరికినందుకు నా మీద నింద పోలేదు సరికదా, ఇంకాస్త బిగిసింది. "గొడవ పెద్దదవుతుందని భయపడి తనే తెచ్చి పెట్టేసింది" అన్నారు అత్తయ్య. వీధిలో అందరూ తలాడించారు. వంటింటి డబ్బాలు ఎవరి చేతిలో ఉంటాయి? కోడలి చేతిలోనే కదా!

నాలుగేళ్ల తర్వాత, 2020లో, ఒక న్యూరాలజిస్టు అల్జీమర్స్ అని, మెదడు మెల్లమెల్లగా క్షీణించే జబ్బని కాగితం మీద రాసిచ్చేదాకా ఆ వీధిలో నేను దొంగనే. ఈ నాలుగేళ్ల గురించే నా బాధంతా. అప్పటికే జబ్బు మా ఇంట్లో కాపురం పెట్టింది, మాతోపాటు భోంచేసింది, మా అందరి ఎదుటా తిరిగింది. ఒక్కరికైనా అనుమానం రాలేదే?

మన జనానికి మానసిక జబ్బుల గురించి అవగాహన లేదని ప్రతి అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని పేపర్లో రాస్తారు. సెప్టెంబరు 21న అల్జీమర్స్ దినమని మరో వ్యాసం. అవగాహన లేదంటే మనసులో ఆ చోటు ఖాళీగా ఉందని, నాలుగు మంచి మాటలు పోస్తే నిండుతుందని వాళ్ల ఆశ. నాకు కనబడినంత వరకూ అక్కడ ఖాళీ లేదు. అంతా నిండిపోయి ఉంది. ప్రతి లక్షణానికీ మన దగ్గర ముందే ఒక పేరుంది, పేరు వెనక ఒక కథ ఉంది, ఆ కథలో తప్పు చేసినవాళ్లు కూడా సిద్ధంగా ఉన్నారు. చెప్పిందే చెబితే చాదస్తం. డబ్బు ఎక్కడెక్కడో దాస్తే పిసినారితనం. 'నాకు అన్నం పెట్టలేదు' అని పక్కింట్లో చెబితే కోడలు కడుపు మాడుస్తోంది. చనిపోయిన భర్త గుమ్మంలో నిలబడ్డాడంటే పితృదేవతలు పిలుస్తున్నారు, లేకపోతే గాలి సోకింది. లేని మనుషులు, పిల్లలు స్పష్టంగా కళ్లకు కట్టడం లూయీ బాడీ డెమెన్షియా అనే జబ్బులో మామూలని ఎవరికి తోస్తుంది? (డెమెన్షియా అంటే మతి క్షీణించే జబ్బులన్నిటికీ కలిపి పేరు, అల్జీమర్స్ అందులో ఒకటి.) పరువుగా బతికిన మనిషి యాభై అయిదో ఏట పదిమందిలో బూతులాడితే 'ఇన్నాళ్లూ లోపల దాచుకున్నాడు, ఇప్పుడు బయటపడింది' అంటారు. మెదడు ముందు భాగం దెబ్బతినే రకం డెమెన్షియాలో జ్ఞాపకశక్తి బాగానే ఉండి, ప్రవర్తన ముందు మారుతుంది. యాభై అయిదేళ్లవాడికి జ్ఞాపకాలన్నీ ఉన్నప్పుడు అది జబ్బని ఎవరనుకుంటారు, బుద్ధి అనుకుంటారు గానీ.

ఇక అత్త గొలుసు పోయి కోడలి మీద అనుమానం వస్తే, దానికైతే కొత్తగా ఆలోచించాల్సిన పనే లేదు. అత్త మంచీ వేముల తీపూ లేదని సామెత. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఇంకోటి. వందల ఏళ్లుగా కుట్టి పెట్టిన చొక్కా అది. మా అత్తగారి జబ్బు వచ్చి, ఆ చొక్కా తొడుక్కుని, మా అరుగు మీద కూర్చుంది. చుట్టాలు గుర్తుపట్టి పలకరించారు కూడా.

వాళ్లననేదేముంది, నేనూ అదే చేశాను. బీయస్సీ జువాలజీ చదివి, మెదడు బొమ్మ గీసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆవిడకు నా మీద కక్ష అనే అనుకున్నాను. పెళ్లిలో ఆడపడుచు లాంఛనాల దగ్గర జరిగిన పాత గొడవ తవ్వుకున్నాను. నా నగలన్నీ మూటకట్టి ఆవిడ చూస్తుండగా బ్యాంకు లాకరుకు తీసుకెళ్లాను. "ఇప్పుడు ఎవరి మీద ఎవరికి నమ్మకం లేదో చూడండి" అని కూడా అన్నట్టు గుర్తు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ ఏడే ఆవకాయ పాడైంది. మా అత్తగారి ఆవకాయకు వీధిలో పేరు. ఆవపిండి, కారం, ఉప్పు సోలతో కొలిచి సమంగా పోసేవారు, నూనె మాత్రం కొలత లేకుండా కంటితో చూసి. ఆ వేసవిలో ఆవపిండి రెండుసార్లు పోసి ఉప్పు మరిచిపోయారు. నేను పక్కనే ఉండి ముక్కలు తుడుస్తున్నాను. చూశాను. "అత్తయ్యా, ఉప్పు" అంటే "నాకు చెబుతున్నావా, నువ్వు పుట్టకముందు నుంచి పెడుతున్నా" అన్నారు. ఊరుకున్నాను. శ్రావణమాసానికి జాడీలో బూజు తేలింది. మైల తగిలిందన్నారు. అంటే మళ్లీ నేనే.

నిజానికి ఒక పనిని వరసలో చేసుకుపోవడం మెదడుకు చాలా పెద్ద పని. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అయిపోయింది అని పట్టుకుని ఉండాలి. మనిషి పేర్లూ ఊళ్లూ చక్కగా చెబుతూనే ఉంటుంది, ఆ పట్టు మాత్రం జారిపోతూ ఉంటుంది. ఇంట్లో ఆడవాళ్ల జబ్బు ముందు వంటింట్లో బయటపడుతుంది. కానీ వంటింట్లో బయటపడిన దాన్ని ఎవరు లెక్కచేస్తారు? మామయ్యగారే బతికుండి, బ్యాంకులో చెక్కు తప్పు రాసి ఉంటే ఆ వారమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లమేమో.

తర్వాతెప్పుడో ఈ జబ్బు చరిత్ర చదివితే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయానికి ఆగస్టె డెటర్ అనే 51 ఏళ్ల ఆవిడను భర్త తీసుకొచ్చాడు. ఆవిడను చూసిన డాక్టరు అలోయిస్ అల్జీమర్. ఆవిడ చనిపోయాక మెదడును సూక్ష్మదర్శినిలో పరీక్షించి 1906లో ట్యూబింగెన్‌లో వైద్యుల సభలో చెప్పాడు. ఆ కేసులో మొట్టమొదట కనిపించిన లక్షణం మరుపు కాదు, అనుమానం. భర్త మీద అసూయ. ఆ తర్వాతే మరుపు. వస్తువులు ఇల్లంతా మోసుకు తిరిగి దాచిపెట్టేదని కూడా రాశాడు. అంటే అల్జీమర్స్ అనే పేరు పుట్టకముందే, దాని మొదటి రోగి ఇంట్లో మా కందిపప్పు డబ్బా ఉంది. నూట పదిహేనేళ్ల తర్వాత కూడా మేం 'మరుపు లేదు కదా, అనుమానమే కదా, జబ్బెందుకవుతుంది' అని కూర్చున్నాం.

డాక్టర్లు మాత్రం తక్కువ తిన్నారా? 1910లో క్రెప్లిన్ అనే జర్మన్ మానసిక వైద్యుడు తన పాఠ్యపుస్తకంలో దీనికి అల్జీమర్ పేరు పెట్టాడు. కానీ అది నడివయసులో వచ్చే అరుదైన జబ్బుగానే చాలాకాలం చలామణీ అయింది. అదే లక్షణాలు డెబ్భై ఏళ్ల మనిషిలో కనిపిస్తే ముసలితనపు మతిభ్రంశమని వేరే గాట కట్టేశారు. రెండూ ఒకటే జబ్బు, ముసలివాళ్లలో వచ్చేదీ జబ్బే, వయసు కాదు అని 1976లో అమెరికా న్యూరాలజిస్టు రాబర్ట్ కాట్జ్‌మన్ గట్టిగా రాశాక గానీ వైద్యలోకం కదల్లేదు. 66 ఏళ్ల పాటు డాక్టర్లు కూడా వాళ్ల భాషలో చాదస్తం అనే అన్నారన్నమాట. అలాంటిది మా ఎదురింటి పిన్నిగారినేం తప్పుపడతాను.

చాదస్తం. ఛాందసం నుంచి వచ్చిన మాట. పాతకాలపు పట్టుదలని, పిడివాదాన్ని అనే మాట. అందులో సగం ముద్దు, సగం విసుగు. ఆ ముద్దే ప్రమాదం. ముద్దుగా అన్నదాన్ని ఎవరూ పరీక్ష చేయించరు. 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మనదేశంలో 60 దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి డెమెన్షియా ఉంది, సుమారు 88 లక్షల మంది. ఆడవాళ్లలో ఎక్కువ, పల్లెల్లో ఎక్కువ. ఆ 88 లక్షల్లో ఎంతమంది ఇళ్లలో 'చాదస్తం' అని నవ్వేసి ఊరుకున్నారో ఊహించుకోండి.

ఇంకో సంగతి. ఈ జబ్బు చుట్టాల ముందు దాక్కుంటుంది. మా ఆడపడుచు విజయవాడ నుంచి రెండు నెలలకోసారి వచ్చి ఓ పూట ఉండేది. ఆ పూటంతా అత్తయ్య నిక్షేపంగా ఉండేవారు. చీర మార్చుకుని, తల దువ్వుకుని, పిల్లల చదువులడిగి. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆడపడుచు, "వదినా, ఏమీ అనుకోకు. అమ్మ ఊరికే అలా అనదుగా" అనేది. మరిది న్యూజెర్సీ నుంచి ప్రతి ఆదివారం వీడియో కాల్. "అమ్మ పర్ఫెక్టుగా ఉంది, నువ్వే టెన్షన్ పడుతున్నావు వదినా" అనేవాడు. ఆ కాల్స్ పక్కన కూర్చుని చాలా వింటే నాకు తెలిసింది. ఆవిడ అడిగేవి ఐదే ప్రశ్నలు. బాగున్నావా నాన్నా? అక్కడ చలి ఎలా ఉంది? పిల్లలు బడికెళ్తున్నారా? ఏం కూర వండారు? ఎప్పుడొస్తావు? ఏ ఆదివారమైనా సరిపోయే ప్రశ్నలు. ఏ జవాబొచ్చినా "అలాగా" అంటే చాలు. జూలైలో కూడా చలి ఎలా ఉందని అడిగారు. "ఇప్పుడు ఎండాకాలమమ్మా" అని నవ్వాడు వాడు. విదేశాల్లో ఉన్న పిల్లలు పావుగంట మాట్లాడి అమ్మానాన్న బాగున్నారని తేల్చేస్తుంటే నాకు ఇప్పుడు ఒళ్లు మండుతుంది. ఈ జబ్బులో మర్యాదలు చాలా ఆలస్యంగా పోతాయి. వాటితో పావుగంట గెంటేయొచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్దామని నేనంటే మా ఆయన ఒప్పుకోలేదు. "మా అమ్మకేం పిచ్చి కాదు" అన్నారు. అక్కడ నేను పిచ్చి అన్న మాటే ఎత్తలేదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, మావైపు విశాఖ చినవాల్తేరు. ఆ ఊళ్ల పేర్లు చెబితే రోగం కుదిర్చే చోటు గుర్తురాదు, తిట్టు గుర్తొస్తుంది. చిన్నప్పటి నుంచి సినిమాల్లో కమెడియన్ దగ్గరా, బస్సుల్లో పోట్లాటల్లో విన్నది అదే. మొత్తానికి ఊళ్లోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాం. రాత్రిళ్లు లేచి తిరుగుతున్నారని చెబితే నిద్రమాత్ర రాశాడు. 'వయసు కదా' అన్నాడు. ఆ మాత్రతో పగలు కూడా మత్తు, తూలడం, మాట తడబాటు. చివరికి ఒకరోజు పెరట్లో పడ్డారు. ముసలివాళ్లకు ఆ రకం మాత్రలు అయోమయాన్ని పెంచుతాయని, పడిపోయే ప్రమాదం ఎక్కువని తర్వాత తెలిసింది. ఆ పడటమే చివరికి మమ్మల్ని న్యూరాలజిస్టు దాకా చేర్చింది. దాన్ని అదృష్టం అనాలో ఏమనాలో.

అక్కడ ముందు రక్తపరీక్షలు రాశారు. బి12, థైరాయిడ్, సోడియం. తర్వాత తలకు స్కాన్. ఎందుకంటే మతి తప్పినట్టు కనిపించే వాటిలో కొన్ని తిరిగి కుదిరేవి ఉంటాయి. బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, సోడియం పడిపోయినా, ఎప్పుడో తలకు తగిలిన చిన్న దెబ్బకు నెమ్మదిగా రక్తం గూడుకట్టినా ఇలాగే ఉంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే ఉన్నట్టుండి రెండు రోజుల్లో మనిషి తారుమారైపోవచ్చు. ఇక్కడే నాకు గుండె జారింది. మేం నాలుగేళ్లు కూర్చున్నాం. ఆవిడది కుదిరే రకమే అయ్యుంటే? అయ్యుండలేదు, సరే. కానీ కాదని తెలిసి కూర్చోలేదు కదా మేం!

"ఇవాళ ఏం తారీఖమ్మా?" అని అడిగాడు డాక్టరు.

"మాకెందుకు బాబూ తారీఖులు, గోడకి క్యాలెండరుందిగా" అని నవ్వి, మా ఆయన వైపు తిరిగారు. నవ్వు ఎంత బాగుందంటే, నేనూ నవ్వేశాను. డాక్టరు నవ్వలేదు. జవాబు కోసం అలా పక్కవాళ్ల వైపు తల తిప్పడం కూడా ఒక గుర్తేనట. పొద్దున్న ఏం తిన్నారంటే తడుముకోకుండా "ఇడ్లీ, కొబ్బరి పచ్చడి" అన్నారు. ఆ పొద్దున మేమెవరమూ ఏమీ తినకుండానే బయల్దేరాం.

ఈ ఇడ్లీ మరుసటేడు ఇంకోచోట నాకు పనికొచ్చింది. 2021లో మా అమ్మ పోయాక నాన్న మాట తగ్గించేశారు. పేపరు చదవడం మానేశారు, తిండి సగమైంది, అడిగిందల్లా మరిచిపోతున్నారు. నూజివీడులో చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ, "భార్య పోయాక అన్నిటి మీదా వైరాగ్యం వచ్చేసింది, మహానుభావుడు" అన్నారు. మెచ్చుకుంటున్నారు! నేను మాత్రం ఒకసారి కాలినదాన్ని కాబట్టి ఇది కూడా అల్జీమర్సేనని పరుగెత్తాను. డాక్టరు ఆయన్నీ అదే అడిగాడు, పొద్దున్న ఏం తిన్నారని. "ఏమో, గుర్తులేదు, వదిలెయ్యండి" అన్నారు నాన్న. మా అత్తగారు లేని ఇడ్లీని వండి పెట్టారు, నాన్న తిన్న ఉప్మాని తలుచుకోవడానికి కూడా ఓపిక లేదన్నారు. ఆయనది డిప్రెషన్. కొందరిలో రెండూ కలిసే ఉంటాయట, తేల్చడం అంత తేలిక కాదట. నాన్న అదృష్టం, మూడు నెలలు మందులు వాడాక పేపరబ్బాయి ఆలస్యంగా వస్తున్నాడని కేకలెయ్యడం మొదలుపెట్టారు. వైరాగ్యం అనే గొప్ప మాట కింద ఆ మనిషి మెల్లిగా ఆరిపోయి ఉండేవారు, పదిమంది దండం పెడుతుండగా. చాదస్తం కంటే ఇదే ఎక్కువ భయపెడుతుంది నన్ను. తిట్టుకైతే ఎదురు తిరుగుతాం. పొగడ్తకు ఎలా ఎదురు తిరుగుతాం? (మనసు బాగోలేనివాళ్లకు 2022 నుంచి టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ సాయం, 14416 నంబరుంది, తెలుగులోనే మాట్లాడతారు. నాన్నప్పటికి లేదు.)

ఇప్పుడు వాట్సాప్‌లో రోజూ వస్తున్నవి చూస్తే ఇంకో తిక్క. రాత్రి నానబెట్టిన బాదంపప్పులు, సుడోకు, కొత్త భాష నేర్చుకుంటే అల్జీమర్స్ రాదు. భాష సంగతికి మూలం మన హైదరాబాదే. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డెమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి, చదువు రానివాళ్లలో కూడా. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే కూరగాయలబ్బాయికి లెక్కలోకొచ్చే సంగతి అది. కానీ ఆలస్యమవడం వేరు, రాకపోవడం వేరు. ఫార్వర్డులో అది 'రాదు' అయిపోయింది. వస్తే రోగిదే తప్పయింది. 'అత్తయ్య చదువుకోలేదు కదా, అందుకే' అన్నారు మా బంధువొకాయన. చెయ్యగలిగినవి లేవని కాదు. బీపీ, షుగరు, చెవుడు, చూపు లాంటి పద్నాలుగు కారణాలను సరిచూసుకుంటే దాదాపు 45 శాతం కేసుల్ని ఆపడమో వాయిదా వెయ్యడమో కుదరొచ్చని 2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిషన్ లెక్కగట్టింది. మా బంధువాయనకు పదేళ్లుగా చెవుడు. మిషను పెట్టుకుంటే ముసలివాడిలా కనిపిస్తానని పెట్టుకోడు. బాదంపప్పులు మాత్రం తింటాడు.

ఆస్తి దగ్గర ఇంకో మలుపు తిరిగింది. కొల్లిపర దగ్గర అత్తయ్య పేరున ఎకరంన్నర మాగాణి. పసుపు కుంకుమల కింద కూతురికివ్వాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నారు, జబ్బు పేరు తెలిసిన ఏడాదికి కాగితం మాటొచ్చింది. అంతే, న్యూజెర్సీ నుంచి ఫోను. "అమ్మకు మతి స్థిమితం లేదు కదా వదినా, ఆ సంతకం ఎలా చెల్లుతుంది?" ఐదేళ్లు పర్ఫెక్టుగా ఉన్న అమ్మ ఒక్క డాక్యుమెంటుతో మతి లేనిదైపోయింది. చట్టం మాత్రం ఈ కొడుకుల కంటే ఓపిగ్గా ఆలోచించింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే, మామూలుగా మతి సరిగా లేని మనిషైనా సరిగా ఉన్న వేళ ఒప్పందం చేసుకోవచ్చంది. మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతి స్థిమితం లేనివాళ్లని అర్థం కాదు, అది కోర్టు చెప్పాలి అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెప్పింది. సంతకం చేసేనాటికి ఆ మనిషికి ఏం అర్థమవుతోందన్నదే ప్రశ్న. మన వాడుకలో ఆ మధ్య మెట్లు లేవు. నిన్నటిదాకా 'బాగానే ఉంది', ఇవాళ్టి నుంచి 'లేదు'. మా అత్తగారు ఆ రెండు మాటల మధ్య చాలా ఏళ్లు బతికారు, ఇంకా బతుకుతున్నారు.

ఇంట్లో నేను నేర్చుకున్నది తక్కువే. వాదించకూడదు. "నేను తియ్యలేదు" అంటే గొడవ, "అయ్యో, వెతుకుదాం పదండి" అంటే పది నిమిషాల పని. మాత్రలు వేస్తున్నాం. అవి జబ్బును ఆపవు, కాస్త నిలబెడతాయంతే. మొదటి ఏడాది ఆవిడ నిందలకు గుండె కోసినట్టుండేది. జబ్బు అని తెలిశాక కూడా ఉండేది, అది మాత్రం ఎవరూ రాయరు. పేరు తెలిసినంత మాత్రాన మాట తగలకుండా పోదు.

ఈమధ్య నన్ను వాళ్ల చెల్లెలనుకుంటున్నారు. ఆ చెల్లెలు పోయి ఇరవై ఏళ్లు. పోయిన వారం మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లారు. గుమ్మం వైపు ఓసారి చూసి, మెడలో గొలుసు తీసి నా అరచేతిలో పెట్టి గుప్పిట మూశారు.

"దాచిపెట్టవే. మా కోడలు మంచిదే గానీ, దానికి చెయ్యి నిలవదు."

"అలాగే అక్కా" అన్నాను. ఆవిడ చూస్తుండగానే జాకెట్టు ముక్కలో చుట్టి, కందిపప్పు డబ్బాలో అడుగున పెట్టాను.